అడగడానికి వీల్లేని ప్రేమలు

మా శ్రీకాకుళంలో చాలా ప్రేమలు ఒకే మాట దగ్గర ఆగిపోతాయి: "మా ఇంట్లో ఒప్పుకోరు." ఆ మాట అబద్ధమేమీ కాదు. నిజంగానే ఒప్పుకోరు. కాకపోతే ఆ సంగతి మొదటి రోజు కూడా తెలుసు. ఎవరిది ఏ కులమో ఇద్దరికీ తెలుసు. ఎవరి నాన్న ఎలాంటి మనిషో తెలుసు. మేనమామ కూతురు ఒకతి ఉందని, ఆ మాట చిన్నప్పటి నుంచీ ఇంట్లో నలుగుతోందనీ తెలుసు. తెలిసే మొదలుపెట్టారు, తెలిసే ఏడాదో రెండేళ్ళో తిరిగారు. చివర్లో మాత్రం అదేదో నిన్ననే తెలిసినట్టు చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

ఇలాంటివాటికి ఇప్పుడు క్యాజువల్ అని, సిట్యుయేషన్‌షిప్ అని పేర్లు వచ్చాయి. పేర్లు కొత్తవి కావడంతో ఇదంతా సెల్‌ఫోన్ తెచ్చిన చేటు అంటున్నారు పెద్దవాళ్ళు. వైజాగ్ హాస్టళ్ళలో నేర్చుకుని వస్తున్నారు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ కొన్నాళ్ళ ప్రేమలు మన నట్టింట్లోనే పుట్టాయి. పెళ్ళి అమ్మానాన్నలు కులం చూసి చేస్తారు, అప్పటిదాకా ప్రేమ మన ఇష్టం అని ఒక పంపకం ఎప్పుడో జరిగిపోయింది. దీని గురించి ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. అయినా ఇరవయ్యో ఏడు వచ్చేసరికి ప్రతి పిల్లకీ ప్రతి పిల్లాడికీ అది ఒంటబట్టేస్తోంది. అందుకే ప్రేమించేటప్పుడే ఒక కాలు గడప బయట పెట్టుకుని ప్రేమిస్తున్నారు. అలా ప్రేమించినవాళ్ళకు చివర్లో మిగిలే ఖాళీ గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. ఆ ఖాళీలో కొంతకాలం ఉండి వచ్చినదాన్ని. ఇంకా అందులోనే ఉన్నవాళ్ళను రోజూ చూస్తున్నదాన్ని.

నేను ఇక్కడే పుట్టి పెరిగాను. కొన్నేళ్ళు వైజాగ్‌లో ఉద్యోగం చేసి, ఇప్పుడు మళ్ళీ ఇక్కడే ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. ఆదివారం సాయంత్రాలు ఎప్పుడైనా కళింగపట్నం వెళ్తుంటాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, ఇసకలో బజ్జీల బండ్లు, బొగ్గుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తులు. బైకుల మీద జంటలు వస్తాయి. అమ్మాయి కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా ముఖానికి చున్నీ చుట్టుకుని ఉంటుంది. ఎండకని చెబుతారు గానీ పొద్దు వాలాక ఎండేముంటుంది? అబ్బాయి హెల్మెట్ తియ్యడు. పక్కపక్కనే కూర్చుంటారు, ఎవరైనా అటుగా నడిచొస్తే జానెడు ఎడం జరుగుతారు. ఊరు చిన్నది. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఎవరి బండి వెనక కూర్చున్నా, ఆ బండి ఇంటికి చేరేలోపే కబురు చేరిపోతుంది. కాబట్టి వాళ్ళ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, బయటివాళ్ళ కోసం మొదలుపెట్టిన ఆ జానెడు ఎడం కొన్నాళ్ళకు ఇద్దరి మధ్యా అలవాటైపోతుంది.

ఫోన్ల సంగతి చూడండి. అబ్బాయి నంబరు "గ్యాస్ బుకింగ్" అని ఉంటుంది. అమ్మాయి నంబరు "లోన్ ఏజెంట్" అని ఉంటుంది. పరిచయం చాలావరకు ఇన్‌స్టాలో ఒక రీల్‌కి రిప్లైతో మొదలవుతుంది. మన ఊరి సైజుకి డేటింగ్ యాప్‌లు అంతగా పనికిరావు, తెరిస్తే తెలిసిన ముఖమే కనబడుతుందని భయం. మాటలు వాట్సాప్‌లోకి మారాక మరో జాగ్రత్త. 2020 చివర్లో వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు వచ్చింది. మొదట 7 రోజులకు, ఆ మరుసటి ఏడాది నుంచి కావాలంటే 24 గంటలకే. మన పిల్లలకు అది వరంలా దొరికింది. ఇంట్లో ఎవరు ఫోన్ లాక్కున్నా ఏమీ కనబడదు. తీరా విడిపోయాక తమకూ ఏమీ కనబడదు. ఏడుస్తూ మళ్ళీ చదువుకుందామన్నా ఒక్క మాట మిగలదు. "మేం నిజంగా అంత దగ్గరగా ఉన్నామా, నేనే ఊహించుకున్నానా?" అని ఒకమ్మాయి నన్ను అడిగింది. ఆమె దగ్గర చూపించడానికి ఏదీ లేదు. చూసినవాళ్ళూ లేరు.

చూసినవాళ్ళు లేకపోవడం ఎంత దూరం వెళ్తుందో నా స్నేహితురాలి విషయంలో చూశాను. తన అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమె ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఒకతనితో ఏడాది పైనే నడిచింది. అతనికి వాళ్ళ నాన్నంటే ప్రాణం, అందుకని వాళ్ళ మాటల్లో సగం ఆ పెద్దాయన గురించే. ఆయన షుగర్ ఎంతుందో ఈమెకు తెలుసు. ఇన్సులిన్ ఏ పూట ఎన్ని యూనిట్లో తెలుసు. కళ్ళు మసకబారినా స్కూటర్ వదలనని ఇంట్లో ఎలా గొడవ పడ్డాడో తెలుసు. ఆయనకు ఒకసారి ఆపరేషన్ అవసరమై వైజాగ్ తీసుకెళ్ళినప్పుడు, ఓ నెగెటివ్ రక్తం దొరక్క అతను కంగారుపడితే, ఈమె రాత్రంతా ఫోన్లు చేసి ఇద్దరు దాతల్ని పట్టుకుంది. వాళ్ళలో ఒకతను నైట్ డ్యూటీ మధ్యలో పర్మిషన్ తీసుకుని మరీ వెళ్ళి రక్తం ఇచ్చాడు. పెద్దాయన అప్పటికి కోలుకున్నాడు. ఆ రక్తం ఎవరు పంపించారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఫ్రెండ్ ఒకడు చూశాడు" అని చెప్పాడట అతను.

కొన్ని నెలల తర్వాత ఆయన పోయారు. ఈమెకు ఎలా తెలిసిందనుకుంటున్నారు? అతని వాట్సాప్ స్టేటస్‌లో నాన్న ఫొటో, కింద రెండు తేదీలు. అందరితో పాటే తనకీ. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలాంటప్పుడు ఎత్తలేరు, అది తనకూ తెలుసు. మధ్యాహ్నం ల్యాబ్ నుంచి పర్మిషన్ తీసుకుని ఆటో ఎక్కింది. ఆ వీధి మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆయన ముఖాన్ని అంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి. ఇంటి ముందు టెంటు, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గేటు పక్కన చెప్పుల గుట్ట. వీధిలో వాళ్ళు, ఆఫీసు వాళ్ళు, పాలు పోసేవాడు, ఎవరెవరో లోపలికి వెళ్తున్నారు, అతని భుజం మీద చెయ్యి వేస్తున్నారు. ఆమె ఆటో దిగలేదు. కొంచెం నెమ్మదిగా పోనివ్వమంది. డ్రైవరు అద్దంలోంచి చూసి "తెలిసినోళ్ళా అమ్మా?" అని అడిగాడు. "కాదు బాబూ" అంది.

తిరిగి ల్యాబ్‌కి వెళ్ళి సాయంత్రం వరకూ శాంపిల్స్ తీసింది. కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని ఎవరో అడిగితే జలుబు అంది. పాలు పోసేవాడికి ఉన్న చోటు ఆ ఇంట్లో ఆమెకు లేదు. ఆ తర్వాత వాళ్ళ కథ ఎలా ముగిసిందో మీరే ఊహించగలరు: "నాన్న పోయాక అమ్మను ఈ గొడవలో పెట్టలేను." ఏడాది తిరక్కుండానే సంబంధం ఖాయమైంది.

1989లో కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు ఒక రకం దుఃఖాన్ని విడిగా గుర్తించి రాశాడు. పోగొట్టుకున్నది నిజమే అయినా, నలుగురూ దాన్ని పోగొట్టుకోవడంగా ఒప్పుకోరు. బయటికి చెప్పుకోవడానికి ఉండదు, ఓదార్చడానికి ఎవరూ రారు. అది చదివినప్పుడు నాకు ఆ ఆటో, ఆ టెంటు గుర్తొచ్చాయి. మనకు చావు ఇంటికి వెళ్ళడమంటే ఎంత పెద్ద విషయం! పదేళ్ళు మాట్లాడుకోని బంధువు కూడా పరామర్శకి వస్తాడు, రాకపోతే తప్పు పడతాం. అలాంటి చోట బతుకుతూ, ఆ ఇంటి మనిషి కోసం రాత్రంతా మేలుకున్న అమ్మాయి వీధిలోంచి పరాయిదానిలా వెళ్ళిపోవాల్సి వచ్చింది.

కొందరంటారు, ఇది విరహమే కదా, విరహం ప్రేమలో మామూలే కదా అని. విరహమంటే ఏమిటో మా జిల్లా తీరంలో అడగండి. 193 కిలోమీటర్ల తీరం ఉన్నా సరైన హార్బరు లేక, మా మత్స్యకారులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ వెళ్ళి వేరావల్‌లో బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు కొందరు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. మన రాష్ట్రం వాళ్ళు 20 మంది వాఘా దగ్గర మళ్ళీ ఈ నేల మీద కాలు పెట్టింది 2020 జనవరి 6న. ఏడాదికి పైగా వాళ్ళ భార్యలు మగడు ఎలా ఉన్నాడో, ఎప్పుడొస్తాడో తెలియకుండా బతికారు. మనిషి ఉన్నాడో లేడో తేలని ఇలాంటి నష్టం గురించి పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే పనిచేసింది, వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాలతో మాట్లాడి. తేలని నష్టం మనిషిని ఎక్కువగా నలిపేస్తుందని ఆమె చెప్పింది. ఆ భార్యలు నలిగిపోయే ఉంటారు, సందేహం లేదు. కానీ వాళ్ళు కలెక్టరాఫీసుకి వెళ్ళి "నా మొగుడు" అని అడగగలిగారు. నాయకులను నిలదీయగలిగారు. పక్కింటామె వచ్చి పక్కన కూర్చుంది. ఊరంతటికీ తెలుసు, వీళ్ళు ఎవరి కోసం చూస్తున్నారో. రెండు రోజులకోసారి ఆన్‌లైన్‌లో కనబడుతూ రిప్లై ఇవ్వని మనిషి కోసం చూసే అమ్మాయికి ఏ ఆఫీసు ఉంది వెళ్ళడానికి? ఎవరి కోసం చూస్తోందని చెప్పాలి? ఆమె కష్టం ఆ భార్యల కష్టంతో సమానమని నేను అనడం లేదు. జైలు జైలే. ఏడవడానికి హక్కు ఉండటం, లేకపోవడం గురించి మాత్రమే అంటున్నాను.

నా సంగతీ చెప్పాలి. వైజాగ్‌లో ఉన్నప్పుడు నాకూ ఒకటి నడిచింది. అతను మంచివాడే. మొదట్లోనే చెప్పాడు, "ఎక్స్‌పెక్టేషన్స్ ఏమీ పెట్టుకోవద్దు, ఉన్నన్నాళ్ళు హాయిగా ఉందాం" అని. అప్పటికి నేను ఇంట్లో సంబంధాల గోలతో విసిగిపోయి ఉన్నాను. ఏమీ అడగని మనిషి దొరికాడని ఊపిరి పీల్చుకున్నాను. కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత నాకు పచ్చకామెర్లు వచ్చాయి. అన్నం వాసన పడటం లేదు, లేచి బాటిల్‌లో నీళ్ళు పట్టుకునే ఓపిక లేదు. రాత్రి హాస్టల్ గదిలో పడుకుని అతనికి మెసేజ్ టైప్ చేశాను. "ఒంట్లో బాగోలేదు, ఒకసారి రాగలవా?" పంపలేదు, చెరిపేశాను. మళ్ళీ టైప్ చేశాను. రమ్మని అడగడం మా ఒప్పందంలోకి వస్తుందా రాదా అని ఆలోచిస్తూ పడుకున్నాను. ఒళ్ళు కాలిపోతున్న మనిషి చెయ్యాల్సిన ఆలోచనా అది? పొద్దున్నే కాంప్లెక్స్‌కి వెళ్ళి శ్రీకాకుళం బస్సెక్కాను. అమ్మ గేటు దగ్గరే నా కళ్ళు చూసి "ఒలమ్మో, ఇదేటే ఇంత పసుపు!" అని రెండు చేతులూ పట్టుకుంది. వారం తర్వాత అతని మెసేజ్ వచ్చింది: "హాయ్, బిజీనా?"

అతని మీద నాకు కోపం రాలేదు. అతను మాట తప్పలేదు, తప్పడానికి అసలు మాటంటూ ఇస్తే కదా. అప్పటి నుంచి నాకు ఈ ఎక్స్‌పెక్టేషన్స్ వద్దనే మాట వింటే లోపల ఏదో బిగుసుకుంటుంది. ఏమీ ఆశించకపోవడం పెద్ద స్వేచ్ఛ అని మనకు నేర్పుతున్నారు. మనిషి మనిషి దగ్గర ఆశించేవన్నీ తీసేసి చూడండి, ఏం మిగులుతుందో. చేరాక ఫోన్ చెయ్యమనడం ఆశించడమే. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో అడుగుతాడని ఎదురుచూడటం ఆశించడమే. జ్వరమొస్తే ఒక పూట వచ్చి కూర్చుంటాడనుకోవడం ఆశించడమే. అవన్నీ పోగా మిగిలేది రెండు శరీరాలు, నాలుగు జోకులు, ఒక సినిమా టికెట్టు. వాటితో సాయంత్రం గడుస్తుంది. రాత్రి గడవదు.

గడవని రాత్రుల్లో ఫోన్ ఏం చేస్తుందో మనందరికీ తెలుసు. బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలు మనస్తత్వశాస్త్రం చదివినవాళ్ళకు గుర్తుంటాయి. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడుతుంటే, గింజ ఆగిపోయిన కాసేపటికి పావురం కూడా ఆపేస్తుంది. ఎన్నిసార్లు పొడిస్తే పడుతుందో తెలియకుండా ఎప్పుడో ఒకటి పడుతుంటే మాత్రం పొడుస్తూనే ఉంటుంది, ఆగిపోయాక కూడా చాలాసేపు వదలదు. ఒక రోజు గంటలకొద్దీ మాట్లాడి, నాలుగు రోజులు మాయమై, ఐదో రోజు ఏమీ జరగనట్టు "మిస్ యూ" అనే మనిషిని వదల్లేకపోవడం ప్రేమ ఎక్కువై కాదు. అంత అనిశ్చితిలో ఎవరైనా అలాగే చిక్కుకుంటారు. దీన్ని ప్రేమ అనుకుని తమను తాము తిట్టుకునే పిల్లలను చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

ఇదంతా అమ్మాయిల బాధే అనుకుంటే పొరపాటు. మా ఆఫీసులో ఒకతను ఉన్నాడు, ముప్ఫై దాటాయి. ఒకటి అయ్యాక ఒకటి, చాలానే నడిపాడు. దాచుకోడు. ఒకరోజు లంచ్‌లో నాతో అన్నాడు: "మేడం, నా గురించి చెప్పమంటే నాకు కంఠతా వచ్చేసింది." చిన్నప్పుడు నాగావళికి వరదొచ్చినప్పుడు వాళ్ళ తాతయ్య ఆవుదూడను భుజాన వేసుకుని మెడలోతు నీళ్ళలో నడిచిన కథ ఒకటుంది. నాకూ చెప్పాడు, చాలా బాగా చెబుతాడు. ప్రతి కొత్త అమ్మాయికీ రెండో కలయికలో ఆ కథ చెప్పేవాడట. ఎక్కడ ఆగితే అమ్మాయి "అయ్యో" అంటుందో, ఎక్కడ నవ్వుతుందో అతనికి తెలుసు. "మొన్న చెబుతుంటే నాకేం అనిపించలేదు మేడం. తాతయ్య ముఖం గుర్తుకు రాలేదు. ఆ అమ్మాయి ముఖంలో ఏం వస్తుందా అని చూస్తున్నానంతే."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మొదటి నెలలో అందరం మంచివాళ్ళమే. అందరికీ మంచి కథలు రెండు మూడు ఉంటాయి. అవి అయిపోయాక మొదలవుతుంది అసలు మనిషి: డబ్బుల దగ్గర పిసినారితనం, తమ్ముడి మీద అసూయ, నిద్రలేస్తే గంటసేపు మాట్లాడని చిరాకు. వీటిని చూసి కూడా ఎవరో ఒకరు ఉండిపోతే, అప్పుడు కదా మనల్ని ప్రేమించారని తెలిసేది! మొదటి నెలను పదిసార్లు చేసినవాణ్ణి రెండో ఏడు ఎవరూ చూడలేదు. అతనికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఎలాంటి అమ్మాయి కావాలని వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాడట.

ఇంకో సంగతి. ఈ కొన్నాళ్ళ ప్రేమల్లో పోట్లాటలు ఉండవు. కూల్‌గా ఉండాలి. ఎక్కడికెళ్ళావని అడిగితే అనుమానం, ఎందుకు రాలేదని అడిగితే ఒత్తిడి, మనం ఏమిటి అని అడిగితే ఇక అంతే, డ్రామా. నా పెళ్ళయ్యాక మొదటి ఏడు నేనూ మా ఆయనా గ్యాస్ స్టవ్ తుడవడం దగ్గర నుంచి వాళ్ళ చెల్లి పెళ్ళి అప్పు దాకా ప్రతిదానికీ పోట్లాడుకున్నాం. ఒకరోజు నేను కోపంతో అమ్మవాళ్ళింటికి వెళ్ళిపోయి తలుపేసుకుంటే, ఆయన సాయంత్రం వచ్చి అమ్మ పెట్టిన టీ తాగి, వరండాలో పేపర్ చదువుతూ కూర్చున్నాడు. రమ్మనలేదు, వెళ్ళిపోలేదు. ఆ పేపర్ తిప్పే చప్పుడు వింటూ నాకు నిద్ర పట్టేసింది. పోట్లాడినా మనిషి ఎక్కడికీ పోడనే నమ్మకం ఎంత పెద్ద ఆస్తో అప్పుడు తెలిసింది.

అలాగని పెళ్ళి ఒక్కటే మందు అని రాయబోవడం లేదు. పెళ్ళై పాతికేళ్ళైనా ఒకరి మనసు ఒకరికి తెలియని ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. అందులోంచి బయటపడలేక నలిగిన ఆడవాళ్ళ గురించి రాయాలంటే ఇంతకు రెట్టింపు రాయాలి. కొన్నాళ్ళే నడిచినంత మాత్రాన ఏ బంధమూ ఖాళీది కాదు. హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కూతురు ఒకబ్బాయితో నాలుగు నెలలే ఉంది. కానీ రెండో వారమే పిన్నితో ఫోన్‌లో మాట్లాడించింది, స్నేహితులకు పరిచయం చేసింది. కుదరలేదు, కూర్చుని మాట్లాడుకుని విడిపోయారు. అది ఏడ్చినప్పుడు స్నేహితురాళ్ళు వచ్చి రాత్రి ఉండిపోయారు. పిన్ని రైలెక్కి వెళ్ళి వారం రోజులు పక్కనే ఉండి అన్నం కలిపి పెట్టింది. ఆ అబ్బాయి కూడా తర్వాత పిన్నికి ఫోన్ చేసి "సారీ ఆంటీ" అన్నాడట. దాని దుఃఖం అందరికీ తెలిసిన దుఃఖం, అందుకే కొన్నాళ్ళకు తేరుకుంది. ల్యాబ్‌లో పనిచేసే నా స్నేహితురాలు ఇంకా తేరుకోలేదు.

ఇద్దరికీ నిజంగా కొన్నాళ్ళ తోడే కావాలంటే, ఇద్దరూ ఆ మాట ముఖం చూసి చెప్పుకుంటే, నాకు అభ్యంతరం లేదు. నేను చూసినంతవరకు ఆ "ఇద్దరూ" చాలా అరుదు. ఒకరు నిజంగా అంటారు, రెండోవాళ్ళు పోగొట్టుకోకూడదని సరే అంటారు. లోపల మాత్రం మారతాడేమో అని, మారుతుందేమో అని చూస్తుంటారు.

చట్టం సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్ళి చేసుకుంటానని నమ్మించి శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ళ వరకూ శిక్ష పడొచ్చు. నేను చెబుతున్న ప్రేమల్లో ఎవరూ ఏమీ నమ్మించరు. మాట ఇవ్వకుండా ఉండటంలోనే వాళ్ళ తెలివంతా ఉంటుంది. "నేనెప్పుడైనా పెళ్ళి చేసుకుంటానన్నానా?" అనే ప్రశ్న ఎంతమంది అమ్మాయిలు విన్నారో! అనలేదు, నిజమే. వాళ్ళమ్మకి ఏ కూర ఇష్టమో చెప్పాడు, పుట్టబోయే పిల్లలకు పేర్లు సరదాగా అనుకున్నాడు, "మనం" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. దీన్ని విచారించడం కోర్టుల వల్ల అయ్యే పని కాదు, విచారించాలని నేను కోరను. కానీ తప్పు లేదు గనక నొప్పి కూడా లేదన్నట్టు మాట్లాడకండి.

ఇక అమ్మానాన్నలతో రెండు మాటలు. పిల్లలు చెడిపోతున్నారని మీరు బాధపడుతున్నారు. హిందువుల్లో వేరే కులం వాళ్ళను పెళ్ళి చేసుకోవడానికి 1955 నాటి వివాహ చట్టం ఎప్పుడో దారిచ్చింది. మేజర్ అయినవాళ్ళు తమకు నచ్చినవాళ్ళను చేసుకోవచ్చని, కులాంతర వివాహం చేసుకున్నవాళ్ళను వేధించేవాళ్ళ మీద చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. చట్టం ఇంత వెనకటి నుంచి ఒప్పుకున్నదాన్ని మీ ఇంట్లో ఒక్కసారైనా మాటవరసకు మాట్లాడారా? మీ అబ్బాయి ఎవరినో ఇష్టపడి ఉంటాడని మీకు లోపల తెలుసు. "ఏదో కుర్రతనం, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి" అని ఊరుకుంటారు. మీరు ఊరుకున్న ఆ రెండేళ్ళలో అవతల ఒక ఆడపిల్ల ఉంది. కొడుకైతే కుర్రతనం, కూతురైతే పరువు అనే తేడా చాలా ఇళ్ళలో ఉంది. ఆ తేడా చూసి పెరిగిన అబ్బాయి ప్రేమలో కూడా అదే తేడా పాటిస్తాడు: నేను వెళ్ళిపోగలను, ఆమె చూసుకుంటుందిలే అని. మీ అంగీకారం అడిగే ధైర్యం వాడికి లేకపోవడం వెనక మీ చెయ్యి ఉంది. వాడిది తప్పు లేదని కాదు. ముప్ఫై ఏళ్ళ మగవాడు, జీతం తెచ్చుకునేవాడు, అమ్మ ఏడుస్తుందని చెప్పి ఇంకొకరి జీవితంలోంచి సందులోంచి జారిపోయినట్టు జారిపోవడాన్ని నేను సంస్కారం అనను. అమ్మ ఏడిస్తే పక్కన కూర్చుని ఓదార్చి, మర్నాడు మళ్ళీ అదే మాట చెప్పాలి.

మా వీధిలో ఒకమ్మాయి డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కి చదువుతోంది. సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటుంది. తనకీ ఒకటి నడుస్తోంది, నాకు తెలుసు. మొన్న వేసవిలో అడిగింది: "అడిగితే వదిలేసి పోతాడేమోనని భయమక్కా." నేను ఏమీ ధైర్యం చెప్పలేదు. పోవచ్చు అన్నాను. అడగకపోతే ఇంకో రెండేళ్ళు ఉంటాడు, ఆ రెండేళ్ళు నువ్వు ఇలాగే భయపడుతూ ఉంటావు, నీకెలా కావాలో చూసుకో అన్నాను. కొన్ని వారాలు మా ఇంటి వైపు రాలేదు. నా మీద కోపం వచ్చిందనుకున్నాను.

నిన్న వచ్చింది. అడిగిందట. అతను రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు వాళ్ళమ్మకి చెప్పేశాడట. వాళ్ళ నాన్న ఇప్పటికీ అతనితో మాట్లాడటం లేదు. వాళ్ళమ్మ మాత్రం ఈ అమ్మాయికి ఫోన్ చేసి "ఈ ఆదివారం అరసవల్లి గుడికి వస్తున్నాను, నువ్వూ ఒకసారి రా, చూస్తాను" అన్నారట. ఒప్పుకున్నానని అనలేదు. చూస్తానన్నారు, అంతే.

"టెన్షన్‌తో చచ్చిపోతున్నానక్కా. నిద్ర పట్టట్లేదు. చీర కట్టుకోనా, డ్రెస్ వేసుకోనా?"

చీర అన్నాను. నా బీరువాలోంచి ఆకుపచ్చది తీసి ఇచ్చాను, దానికి సరిపోయే జాకెట్టు వాళ్ళ పిన్ని దగ్గర ఉందంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "కులం అడిగితే ఏం చెప్పాలక్కా?" అంది.

"ఉన్నదే చెప్పు" అన్నాను.